శనార్తి: ఒక పలకరింపు పనితనం

శనార్తి మూడక్షరాల మాట. తెలంగాణ పల్లెల్లో మనిషికి మనిషి ఎదురైతే చేతులు జోడించో, ఒక్క చెయ్యి నుదుటిదాకా ఎత్తో అనే మాట. “పటేలా, శనార్తి.” “శనార్తి అయ్యా.” నలుగురు కూర్చున్న చోటైతే “అందరికి శనార్తులు.” మా తుక్కుగూడలో, ఇటు మంఖాల్, రావిర్యాల, అటు మహేశ్వరం దిక్కు, వయసు మీదపడిన వాళ్ల నోట ఇది ఇంకా వినిపిస్తుంది. వాళ్ల కొడుకులు “నమస్తే అన్నా” అంటారు. మనవలు “హాయ్” అని చెయ్యి ఊపుతారు. కొడుకుల మీద, మనవల మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ పెద్దల మాట ఎంత నేర్పుగా తయారైందో విప్పి చూపాలనే ఈ వ్యాసం. ఎవరు తయారుచేశారో పేర్లు తెలియని పనితనాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. వాటిలో ఇంత చిన్నది, ఇంత పక్కాగా కుదిరినది మరొకటి నేను చూడలేదు.

ముందు అతుకు చూద్దాం. శరణు, అర్థి అనే రెండు ముక్కలు కలిసి శరణార్థి అయింది. శరణు కోరి వచ్చినవాడు అని అర్థం. పలకరింపుల్లో ఇది అరుదైన కట్టుబడి. “గుడ్ మార్నింగ్” మంచి పొద్దును కోరుతుంది. “బాగున్నవా”, “తిన్నవా” ఎదుటివాళ్ల యోగక్షేమం అడుగుతాయి. “దండం” మన ఒళ్లు చేసే పనిని చెబుతుంది, కట్టెలాగా సాగిలపడటం దాని మూలం. శనార్తి వీటిలో ఏ పనీ చెయ్యదు. పలికినవాడు నీ ముందు తానెవరో చెప్పుకుంటాడు, అంతే. అందులో క్రియ లేదు. పొద్దు మాపు లేవు. ఏ దేవుడి పేరూ లేదు. కులం, వయసు, ఆడ, మగ తేడా తెలిపే ప్రత్యయం కూడా లేదు. ఇన్ని లేకుండా ఒక పలకరింపును నిలబెట్టడం తేలిక కాదు.

ఈ మాట వెనక 12వ శతాబ్దపు కల్యాణం ఉంది. ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్ అది. కలచురి బిజ్జలుడి కొలువులో భండారిగా ఉన్న బసవన్న చుట్టూ అక్కడ శివభక్తులు చేరారు. చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, తాళ్లు పేనే చందయ్య, చెప్పులు కుట్టే హరళయ్య. వాళ్లు తమను శరణులు అనుకున్నారు. ఒకరికొకరు ఎదురైతే “శరణు శరణార్థి” అనుకున్నారు.

హరళయ్య కథ ఇక్కడ చెప్పక తప్పదు. కన్నడ దేశంలో లింగాయతులు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఒకనాడు దారిలో బసవన్న ఎదురైతే హరళయ్య “శరణు” అన్నాడట. బసవన్న బదులుగా “శరణు శరణార్థి” అన్నాడట. తాను ఒకసారి అంటే, అంతటివాడు రెండుసార్లు అన్నాడు. ఆ ఎక్కువైన ఒక్క శరణు తన మీద అప్పుగా నిలిచిపోయిందని హరళయ్యకు తోచింది. ఇంటికి వెళ్లి భార్య కల్యాణమ్మకు చెప్పుకున్నాడు. ఆ అప్పు ఎట్లా తీర్చాలని ఇద్దరూ ఆలోచించారు. తెలిసిన పని చెప్పులు కుట్టడం. ఇద్దరూ తమ తొడల మీది తోలు తీసి చెప్పులు కుట్టి తెచ్చి బసవన్న ముందు పెట్టారట. బసవన్న వాటిని కాళ్లకు తొడుక్కోలేదు. నెత్తిన పెట్టుకుని, వీటిని తొడిగే యోగ్యత తనకు లేదని తిరిగి ఇచ్చాడట.

పురాణ కథలో జరిగినదెంత, భక్తి చేర్చినదెంత అని తూచడం నా పని కాదు. ఒక పలకరింపుకు బదులు ఎంత తూకంగా ఉండాలో ఇంతకంటే గట్టిగా చెప్పిన కథ నాకు తెలియదు. తనకంటే తక్కువ అని లోకం అనుకునే మనిషికి బసవన్న ఒక పాలు ఎక్కువ కలిపి బదులిచ్చాడు. ఆ ఎక్కువను ఊరికే పుచ్చుకోవడానికి హరళయ్య ఒప్పుకోలేదు. ఇద్దరూ శరణు కోరేవాళ్లే. ఇచ్చేవాడి గద్దె మీద ఎవరూ కూర్చోలేదు. శనార్తి లోపల ఉన్న అసలు నేర్పు ఇదే. “శనార్తి” అన్నవాడికి “శనార్తి” అనే బదులు చెప్పాలి. వేరే బదులు దానికి అతకదు. ఆ తర్వాత హరళయ్య కొడుక్కూ, బ్రాహ్మణ కుటుంబం నుంచి శరణుల్లో చేరిన మధువరసు కూతురికీ పెళ్లి చేశారు. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులకూ ఘోర శిక్ష వేశాడు. కల్యాణం అల్లకల్లోలమైంది. శరణులు చెల్లాచెదురయ్యారు. మాట వాళ్లతోపాటు ఊళ్లు పట్టింది.

తెలుగు నేల మీద ఆ భక్తిని పుస్తకాలకెక్కించినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆయన ఊరుగా చెప్పే పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. జనం నోట ఆడే జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణం రాశాడు. పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అంటూ ఒక భాగమే పెట్టి, శివరాత్రికి శ్రీశైలం పోయే జనాన్ని, వాళ్ల ఆటపాటలను కళ్లకు కట్టాడు. తుక్కుగూడ నడుమ నుంచి పోయే రోడ్డు శ్రీశైలం రోడ్డే. శివరాత్రి దగ్గరపడితే ఈ దారిన మల్లన్న దగ్గరికి నడిచిపోయే భక్తులు ఇప్పటికీ కనిపిస్తారు. శంఖం ఊదుతూ, గంట వాయిస్తూ ఇంటింటికీ తిరిగే జంగమయ్యలు ఈ ఊళ్లకు కొత్త కాదు. కల్యాణం, కలబురగి, రాయచూరు, తెలంగాణ జిల్లాలు 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. ఆ పక్క కలబురగిలో జనం ఇప్పటికీ “శరణ్రీ” అని పలకరించుకుంటారు. ఈ పక్క అదే మాట శనార్తి అయింది. దారి పొడుగునా మనుషులు నడుస్తుంటే మాట ఆగిపోతుందా?

ఇక చెక్కుడు పని. శరణార్థిలో నాలుగక్షరాలు, శనార్తిలో మూడు. ఆ ఒక్క అక్షరం ఎట్లా పోయిందో చూడండి. మొదట ర మీది అచ్చు పలచబడి శర్ణార్థి అయింది. తర్వాత ర్ణ అనే జంట మెత్తబడింది. తెలుగు నాలుక ర్ణను నిలవనివ్వదు. పూర్ణిమ పున్నమి అయింది. వర్ణం వన్నె అయింది. చూర్ణం సున్నం అయింది. అదే చెయ్యి శర్ణార్థి మీద పడితే ర్ణ పోయి న మిగిలింది. చివర థలోని ఒత్తు ఊడి త అయింది, కథ కత అయినట్టే. ఇన్ని తీసేసిన నాలుక రెండో రకారాన్ని మాత్రం ముట్టుకోలేదు. రెండు రకారాల్లో ఒకటి పోతే చాలు, పలకడం సులువవుతుంది. రెండూ పోతే మాట మెత్తబడి ఊపు చచ్చిపోతుంది. చివర ఆ ర్తి దగ్గర నాలుక ఒక్కసారి తగిలి ఆగుతుంది. పలకరింపుకు కావలసిన ముగింపు అక్కడుంది. ఏళ్ల తరబడి చేతులు పట్టిన కొడవలి పిడి ఎక్కడ అరగాలో అక్కడే అరిగి, పట్టు దొరికే చోట అట్లాగే ఉన్నట్టు, ఈ మాట అరిగింది.

పున్నమి, వన్నె, సున్నం మనకు తద్భవాలు. వ్యాకరణం వాటికి గౌరవమైన పేరు పెట్టి పీట వేసింది. కవులు పున్నమిని పద్యాల్లో కూర్చోబెట్టారు. అదే సూత్రంతో, అదే నాలుక చేసిన శనార్తిని మాత్రం చాలాకాలం యాస అన్నారు, మొరటు అన్నారు. బడిలో అంటే పంతులు సరిదిద్దిన రోజులున్నాయి. ఇది అన్యాయం. పున్నమి తద్భవమైతే శనార్తి కూడా తద్భవమే. ఒకదానికి కావ్యాల్లో చోటు దొరికింది, ఇంకొకటి బజారులో ఉండిపోయింది. పనితనంలో రవ్వంత తేడా లేదు.

చెవికి కూడా పని పడుతుంది ఇక్కడ. శ పొట్టిది, నా పొడుగు, ర్తి మళ్లీ పొట్టిది. నడుమనున్న నాను ఎంతయినా సాగదీయవచ్చు. చెరువు కట్ట మీద పోతున్నవాడు కింద మడిలో నాట్లు చూస్తున్నవాడిని “శనా...ర్తి” అని కేకేసి పలకరించవచ్చు. అరుగు మీద పక్కనే కూర్చున్నవాడికైతే పొట్టిగా, గొంతులోనే అనవచ్చు. నమస్కారంలో ఈ వెసులుబాటు లేదు, స్కా దగ్గర నాలుక తట్టుకుంటుంది. దూరానికీ దగ్గరకూ ఒకే మాట సరిపోవడం ఊరి బతుకులో చిన్న సంగతి కాదు. ఇంకో సౌకర్యం ఉంది. దండం పెట్టాలి, సలాం కొట్టాలి, కాళ్లు మొక్కాలి. ఒంటితో ఏదో ఒకటి చెయ్యాలి. శనార్తి అంటే చాలు. నెత్తిన గడ్డిమోపు ఉన్న మనిషి, చేతిలో ఎడ్ల పగ్గాలున్న మనిషి కూడా అనగలరు. చేతులు ఖాళీగా ఉంటే జోడిస్తారు, లేకుంటే మాటే చేతుల పని కూడా చేస్తుంది.

పలికే తీరులో కూడా లెక్క ఉంది. వరుస ముందు వస్తే చనువు, తర్వాత వస్తే మర్యాద కొంచెం ఎక్కువ. “మామా, శనార్తి” అన్నప్పుడు మామ ముందు నిలబడతాడు, పలకరింపు వెనక వస్తుంది. “శనార్తి బాపూ” అన్నప్పుడు తల ముందు వంగుతుంది. శనార్తులు అని బహువచనం చేస్తే సభకు సరిపోతుంది. ఒక్క మనిషికే శనార్తులు అంటే మర్యాద రెట్టింపు. దసరా నాడు జమ్మి దగ్గర ఈ లెక్కలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి చిన్నవాళ్లు పెద్దల కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. దూరపు వరుసవాళ్లు, తెలిసీ తెలియనివాళ్లు శనార్తి అనుకుంటారు. ఎవరికి ఎంత దగ్గరో చెప్పడానికి వేరే మాటలు కావలసిన పని ఉండదు.

ఈ మాట మీద పడిన మచ్చ కూడా చెప్పాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ పల్లెల్ని అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. నిజాం తన సొంత ఖర్చులకు పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములివి. కచేరీలో ఆదాబ్, సలాం నడిచేవి. ఆదాబ్ మంచి మాట, మతం అడగని మాట, దాని పనితనం మీద వేరే వ్యాసమే రాయవచ్చు. తెలంగాణ లోపలి జిల్లాల్లో గడీల ముందు మరో మాట నడిచింది. “బాంచెన్ దొరా, కాల్మొక్త.” బాంచెన్ అంటే బానిసను. వెట్టి చేసేవాళ్ల నోట దొరలు పెట్టిన పలకరింపు అది. కట్టుబడి చూస్తే అది కూడా పలికినవాడు తానెవరో చెప్పుకునే మాటే. శనార్తి కూడా అంతే. తేడా ఒక్కచోట ఉంది. కాల్మొక్తకు బదులు లేదు. దొర తిరిగి “బాంచెన్” అనడు, అనలేడు. ఆ మాట ఒక వైపు నుంచి ఒక వైపుకే పోతుంది.

శనార్తిని కూడా ఆ కాలం వంచింది. కింద నిలబడినవాడు అంటే పైన కూర్చున్నవాడు గొంతు సవరించుకుని ఊరుకోవడం అలవాటైంది. శరణుల నోట ఇద్దరి మాటగా పుట్టినది ఒకరి మాటగా మారిపోయింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన తర్వాత దొరల మీద లేచిన పోరాటం 1951 దాకా సాగింది. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యాయి. “కాల్మొక్త” అనే పలకరింపు పోయింది. ఇప్పుడు ఆ మాటను కథల్లో, సినిమాల్లో వింటాం, రోడ్డు మీద వినం. శనార్తి పోలేదు. దానిలో మొదటి నుంచీ బదులుకు చోటు ఉంది కాబట్టే అది నిలబడిందని నా నమ్మకం. దొరతనం పోయిన తర్వాత కూడా సమానుల మధ్య అనుకోగలిగిన మాట అది.

ఇట్లా అరిగి నిలిచిన పలకరింపులు వేరే దేశాల్లో కూడా ఉన్నాయి. లండన్ తూర్పు పేటల్లో పాతకాలం జనం “వాచ” అని, ఇంకా వెనక్కి పోతే “వాచర్” అని పలకరించుకునేవారు. దాని మూలం “వాట్ చీర్”. చీర్ అనే మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, మొదట దాని అర్థం ముఖం. ముఖం ఎట్లా ఉందని అడిగితే మనసు ఎట్లా ఉందని అడిగినట్టే. షేక్‌స్పియర్ 1611 ప్రాంతంలో రాసిన టెంపెస్ట్ నాటకం మొదటి రంగంలోనే, తుపానులో చిక్కిన ఓడ మీద ఈ పలకరింపు వినిపిస్తుంది. 1636లో రోజర్ విలియమ్స్ అమెరికా తూర్పు తీరంలో కొత్త చోటు వెతుక్కుంటూ పోతే, అక్కడి నారగాన్సెట్ జనం ఈ ఇంగ్లీషు మాటతోనే పలకరించారని చెబుతారు. ఆయన కట్టిన ప్రావిడెన్స్ నగర ముద్ర మీద ఆ మాట ఇప్పటికీ ఉంది. విలియమ్స్ కూడా తన మత విశ్వాసాల కోసం వెళ్లగొట్టబడి, శరణు వెతుక్కుంటూ వచ్చినవాడే. 1891లో ఆల్బర్ట్ షెవాలియర్ అనే గాయకుడు లండన్ పేదల పాటలో ఈ పలకరింపును వేదికెక్కించాడు. 2003లో వచ్చిన హ్యారీ పోటర్ ఐదో పుస్తకంలో టోంక్స్ అనే పిల్ల ఇదే అంటుంది. మన పిల్లలు దాన్ని చదివారు, ఇష్టపడ్డారు.

నాకు అందులో నచ్చినది ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తమ బజారు మాటకు ఇచ్చిన గౌరవం. ఓడ కళాసీల మాట, చేపలమ్మేవాళ్ల మాట అని కింద పెట్టకుండా నిఘంటువుల్లో దాని పుట్టుక రాశారు, నగర ముద్ర మీద చెక్కారు. పనితనంలో మాత్రం శనార్తి ఒక మెట్టు పైనే ఉంది. వాచ అరిగి అరిగి ఏ ముక్క ఎక్కడిదో దొరకకుండా పోయింది. శనార్తిని ఇప్పటికీ విప్పవచ్చు. లోపల శరణు, అర్థి రెండూ కనిపిస్తాయి.

ఇట్లాంటి పాత పలకరింపులకు ఈ కాలంలో మొదట పోటీగా వచ్చింది టెలిఫోను. వైరుకు అవతలున్న మనిషిని ఏమని పిలవాలో తేలక, గ్రాహం బెల్ ఓడల మీద వాడే “అహోయ్”ని కోరుకున్నాడు. ఎడిసన్ 1877లో “హలో”ను సిఫారసు చేశాడు. హలో గెలిచింది. ఆ హలో మన ఊళ్లకు వచ్చి “అలో” అయింది. బళ్లలో గుడ్ మార్నింగ్ వచ్చింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డు తుక్కుగూడను తాకింది. హార్డ్‌వేర్ పార్కు, దానివెంట వెంచర్లు, అపార్టుమెంట్లు వచ్చాయి. ఊరు మున్సిపాలిటీ అయింది. బిహారు, ఒడిశా నుంచి పనికొచ్చిన పిల్లలతో “భయ్యా నమస్తే” నడుస్తుంది. తండాల నుంచి వచ్చినవాళ్లు “రాం రాం” అంటారు. ఒకే టీ కొట్టు దగ్గర ఇన్ని పలకరింపులు వినడం నాకు ఇష్టం.

తెలంగాణ ఉద్యమం శనార్తికి కొత్త ఊపిరి పోసింది. యాస అన్న మాటలన్నీ తలెత్తుకుని వేదికలెక్కాయి. టీవీలో తెలంగాణ భాషలో వార్తలు చెప్పే కార్యక్రమాలు వచ్చాయి. శనార్తి పేరుతోనే ఒక దినపత్రిక వచ్చింది. సంతోషమే. ఒక చిన్న భయం కూడా ఉంది. వేదిక మీద “శనార్తులు” అని మైకులో అంటే కింద జనం చప్పట్లు కొడతారు, బదులు చెప్పరు. బదులు లేని శనార్తి సగం పలకరింపే.

అదే మాట ఇంకో బతుకు కూడా బతుకుతోంది. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లను హిందీలో శరణార్థులన్నారు. తెలుగు పత్రికలు కూడా ఆ మాట తీసుకున్నాయి. ఇప్పుడు చదువుకున్నవాళ్లకు శరణార్థి అంటే దేశం పోగొట్టుకున్న మనిషి. తుక్కుగూడ నుంచి కొంచెం దూరం పోతే బాలాపూర్. మయన్మార్ నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన రోహింగ్యాలు అక్కడ గుడిసెల్లో ఉంటున్నారు. పత్రికలు వాళ్లను శరణార్థులని రాస్తాయి. అదే జిల్లాలో, అదే నాడు, ఒక ముసలాయన ఎదురైన మనిషికి చేతులు జోడించి నేను శరణార్థిని అంటాడు. ఇంటి యజమాని, ఊళ్లో నాలుగెకరాల ఆసామి, దేనికీ కొదవలేనివాడు రోజుకు పదిసార్లు తనను శరణు కోరేవాడిగా చెప్పుకునే అలవాటు మన పెద్దలు చేశారు. పలకరింపులో పెట్టి నిత్యం నాలుక మీద ఉంచారు. ఈ మాట చేసినవాళ్ల పనితనంలో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చేది ఇదే.

చదివేవాళ్లకు నా విన్నపం ఒకటి. మీ వాడలో ఏ పెద్దమనిషైనా, ఏ పెద్దమ్మైనా మీకు ఎదురై శనార్తి అంటే తలూపి సాగిపోకండి. హలో అనకండి. ఒక్క క్షణం నిలబడి, “శనార్తి” అని బదులు చెప్పండి.